ఇంకొకటి ఎమ్మిగనూరులో ఉంది

పొయ్యిమీద టీ పొంగే వేళకు గోడమీది విల్లు ఒకసారి మోగింది.

"టుంగ్."

ఒక్కసారే. గట్టిగా కూడా కాదు. అయినా ఇంట్లో ఉన్న నలుగురికీ వినబడింది. పెరట్లో పళ్ళు తోముకుంటున్న ఇబ్రహీం చెయ్యి ఆగి, మళ్ళీ కదిలింది. ఉమేర్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు కానీ, దానిమీద వేలు నడవడం మానేసింది. పొయ్యి దగ్గరున్న షాహీన్ టీగిన్నె కేసే చూస్తూ నిలబడింది. వినబడలేదన్నట్టు నటించడం కొన్నాళ్ళుగా ఆ ఇంటి మర్యాద అయిపోయింది. అక్బర్‌బీ మాత్రం ఆ మర్యాద పాటించలేదు. మంచంమీద లేచి కూర్చుని, ఎవరో పిలిస్తే పలికినట్టు, "ఆఁ" అంది.

అది దూదేకే విల్లు, మనిషంత పొడుగు. ఆదోనిలో కరెంటు మిషన్లు రాకముందు అక్బర్‌బీ తండ్రి దాన్ని భుజాన వేసుకుని వీధులు తిరిగేవాడు. దాని నారిని చెక్క గూటంతో కొట్టి దూదిని మబ్బులాగా ఎగరేసేవాడు. ఆయన దగ్గరే పని నేర్చి అల్లుడైన ఇబ్రహీం చేతికి ఆ విల్లు వచ్చింది. ఇప్పుడు బజారులోని పరుపుల అంగట్లో మిషన్ ఉంది, దాన్ని కొడుకు ఉమేర్ నడుపుతాడు. విల్లు గోడెక్కి ఏళ్ళయింది.

"ఎలుక తగిలింటాది," అన్నాడు ఉమేర్, ఎవరూ అడక్కుండానే.

"ఎలుక కాదు. పేగుతో చేసిన నారి గదా. తెల్లవారుజాము సలికి బిగుసుకుంటాది, అప్పుడట్లా మోగుతాది," అన్నాడు ఇబ్రహీం లోపలికి వస్తూ.

ఇన్నేళ్ళూ పడని చలి, పెద్దమ్మ అక్బర్‌బీకి స్కానింగ్ తీసిన దగ్గర్నుంచే పడుతోందా అని షాహీన్‌కు అడగాలనిపించింది. ఆమె తల్లి హుసేన్‌బీ చిన్నప్పుడు అక్కను నిద్ర లేపడానికి నోరు చేసుకునేది కాదట. ఆ నారిని వేలితో ఒకసారి మీటేదట. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ మాట్లాడరు.

షాహీన్ ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరు. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి కరోనా ఏడు పోయింది. అప్పట్నుంచి సెలవు దొరికితే ఆదోనికి, పెద్దమ్మ దగ్గరికి వస్తుంది. వచ్చి ఇల్లు ఊడుస్తుంది, వండుతుంది, బట్టలు మడతపెడుతుంది. పెద్దమ్మ కళ్ళలోకి మాత్రం సూటిగా చూడదు. ఎట్లా చూస్తుంది? ఆ మనిషి ఎడమ పక్క ఖాళీ. అక్కడ ఉండాల్సిన కిడ్నీని కోసి ఇచ్చి, షాహీన్ తల్లిని ఐదేళ్ళు బతికించింది. ఆ తల్లి దాన్ని తనతోపాటు ఎమ్మిగనూరు మట్టిలోకి పట్టుకుపోయింది. ఇప్పుడు మిగిలిన ఆ ఒక్కదానిలోనే గడ్డ పడింది. మూలిగే నక్కమీద తాటికాయ పడడమంటే ఇదే.

ఇంత జరిగినా ఆ కుటుంబంలో ఇచ్చిన కిడ్నీ మాట ఎవరి నోటా రాదు. అక్బర్‌బీ తండ్రి పెట్టిపోయిన కట్టడి అది. రంజాన్ నెలలో బీదవాళ్ళ పరుపులు ఊరికే ఏకి ఇచ్చి, ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పేవాడు కాదాయన. "ఇచ్చినదాన్ని నోట తలిస్తే ఇచ్చినట్టు కాదు" అనేవాడు. కూతుళ్ళిద్దరూ ఆ మాటను తాయెత్తులాగా కట్టుకున్నారు. ఆపరేషనయ్యాక అక్క ఇచ్చానని అనలేదు, చెల్లెలు తీసుకున్నానని అనలేదు. మంచి మాటే. కానీ ఎంత మంచి మాటైనా గాలి తగలకుండా మూటగడితే ముక్కిపోతుంది.

ఆ కట్టడి వల్లనే ఆదోనిలో స్కానింగ్ తీసిన పిల్ల హడలిపోయింది. మూత్రంలో రక్తం పడిందని వచ్చిన ముసలామె పొట్టమీద మిషన్ అటూ ఇటూ తిప్పి, "ఎడంపక్క కిడ్నీ కనబడ్డంలేదే అవ్వా, ఏమన్నా ఆపరేషన్ అయ్యిందా?" అని అడిగింది.

"ఉందమ్మా," అంది అక్బర్‌బీ.

"యాడుంది?"

"ఎమ్మిగనూరులో ఉంది."

ఆ పిల్ల నవ్వబోయి, అక్బర్‌బీ మొహం చూసి ఆగిపోయింది. గోడవారన నిలబడ్డ షాహీనే మెల్లగా సంగతి చెప్పాల్సి వచ్చింది.

ఆ తర్వాత కర్నూలు వెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. తెల్లకాగితంమీద చిక్కుడుగింజ లాంటి బొమ్మ గీసి, దాని నడిమికి కాస్త కిందుగా గుండ్రంగా గడ్డ గీసింది.

"ఇది క్యాన్సర్ గడ్డేనమ్మా. బయటికి పాకలేదు, అది మన అదృష్టం. రెండు కిడ్నీలుండి ఉంటే ఇట్లాంటప్పుడు మొత్తం తీసేయమని కూడా చెప్పేదాన్ని. రెండోదానితో బతకొచ్చు. మీకున్నది ఇదొక్కటే. మొత్తం తీస్తే జీవితాంతం డయాలసిస్ తప్పదు."

"సూదితో కాలుస్తారంట కదా మేడం? ఫోన్‌లో చూసినా," అన్నాడు ఉమేర్.

"కాలుస్తాం, మంచులాగా చల్లబరిచి గడ్డకట్టిస్తాం కూడా. అది చిన్న గడ్డలకు. ఇది పెద్దది, రక్తనాళాల పక్కనే ఉంది. మరీ చిన్నదైతే కొన్నాళ్ళు చూస్తూ ఆగొచ్చు, దీన్ని ఆపలేం. నేను చెప్పేది గడ్డవరకే కోసి తీసి, మిగతా కిడ్నీని కుట్టి నిలబెట్టుకోవడం. చిన్న రంధ్రాలు పెట్టి కూడా చేస్తారు, కానీ ఉన్న ఒక్కదాంతో ప్రయోగం వద్దు. పక్క కోసి, చేత్తో చేస్తాను. కిడ్నీకి రక్తం పోయే దారి కాసేపు బిగించి, చుట్టూ ఐసు పెట్టి చల్లబరిచి కోస్తాం. లోపల చూశాక నిలవదనిపిస్తే మొత్తం తీయాల్సి రావొచ్చు. దానికీ ఒప్పుకుని మీరు సంతకం పెట్టాలి."

ఐసు మాట విని ఇబ్రహీం కళ్ళు మూసుకున్నాడు. అంతసేపూ గోడకేసి చూస్తున్న అక్బర్‌బీ అప్పుడు ఒకే ఒక్క మాట అడిగింది.

"ఈ గడ్డ ఎన్నేండ్ల నుంచి ఉంటాది తల్లీ?"

"ఇంతని చెప్పలేమమ్మా. కొన్ని నిదానంగా పెరుగుతాయి. ఏళ్ళు కూడా పట్టొచ్చు."

అంతే. ఆ మాటతో అక్బర్‌బీ నోరు మూతపడింది. ఇంటికొచ్చాక "నాకే ఆపరేషనూ వద్దు" అంది. ఎందుకంటే చెప్పదు. మరునాటినుంచే విల్లు మోగడం ఎక్కువైంది. ఒకనాడు షాహీన్ మడతపెట్టడానికి దుప్పటి ఎత్తింది. పెద్దమ్మ ఒక్కతే పడుకునే పరుపుమీద పక్కపక్కనే రెండు గుంతలున్నాయి. ఒకటి పెద్దమ్మ పడుకున్నది. రెండోది ఆమె ఎడమ పక్కన, కొంచెం పొట్టిగా, సన్నగా. షాహీన్ తల్లి పొట్టిగా, సన్నగా ఉండేది. షాహీన్ ఆ దుప్పటిని మళ్ళీ పరిచేసి, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు అంట్లు తోముతూ కూర్చుంది.

ఇవాళ షాహీన్ టీ గ్లాసులిచ్చి వెనక్కి తిరగ్గానే ఉమేర్ మళ్ళీ మొదలుపెట్టాడు.

"అమ్మా, ఈ వారంలోనే రమ్మని డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఏం సెప్పల్ల?"

"రాదని సెప్పు."

"రానంటే ఎట్లమ్మా? ముందు నుయ్యి, వెనక గొయ్యి అయ్యింది మా బతుకు. పోనీ మొత్తం తీయించుకో. నా కిడ్నీ ఇస్తా."

"నోరు మూయ్!" అక్బర్‌బీ ఎప్పుడూ అంత గట్టిగా అరవదు. "ఈ ఇంట్లో ఇంకొకరు ఇచ్చేది లేదు. ఇచ్చింది సాలు."

"సాలదా మరి? ఉన్న రెండింట్లో ఒకటి మట్టిపాలు చేసుకున్నావు. అది ఇప్పుడుండింటే ఇంత అగసాట్లు ఎందుకు? ఇది పీకి పారేసి దాంతో బతికుండేదానివి!"

అనేశాక ఉమేర్‌కు షాహీన్ కనబడింది. గుమ్మంలో ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడింది. అతను పెదవి కొరుక్కుని, టీ తాగకుండానే చెప్పులేసుకుని అంగడికి పోబోయాడు. షాహీన్‌కు ఆ మాట కొత్త కాదు. ఎవరూ అనని ఆ మాటను రోజూ తనకు తానే అనుకుంటూ వచ్చింది. బయటినుంచి వినడం మాత్రం ఇదే మొదలు.

సరిగ్గా అప్పుడే వసారాలోంచి ఇబ్రహీం గొంతు వినబడింది.

"అక్బర్‌బీ! ఇట్రా."

భార్య నడుం నొప్పి అంటోందని, పరుపులో దూది ఉండలు కట్టిందేమో విప్పి ఏకుదామని ఆయన ఆ పొద్దున్నే పరుపును వసారాలోకి ఈడ్చుకొచ్చాడు. ఒక అంచు కుట్టు విప్పి చెయ్యి లోపలికి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. బయటికి తీసిన పిడికెడు దూదిని వేళ్ళమధ్య నలుపుతూ వెలుగుకు పెట్టి చూస్తున్నాడు.

"ఇది పత్తి కాదు. బూరుగు దూది కలిసింది," అన్నాడు. "నా జన్మలో బూరుగు దూది ఒక్క పరుపులోనే కలిపినా. ఆపరేషనయ్యి ఇంటికొచ్చిందని, ఒళ్ళు ఒత్తుకోకుండా మెత్తగుండల్లని, ఎమ్మిగనూరుకు చేసి పంపినా. ఇది హుసేన్‌బీ పరుపులో దూది."

గాలి కాస్త తిరిగింది. విప్పిన కుట్టులోంచి తెల్లటి నూగు మెల్లగా లేచి గడప దాటి ఇంట్లోకి వచ్చింది. నేలకు దిగకుండా మనిషెత్తులో అట్లాగే నిలిచింది. ఉమేర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

పరుపులు కుట్టే ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. పోయినవాళ్ళు పడుకున్న దూది మళ్ళీ బతికున్నవాళ్ళ వీపు కిందికి రాకూడదు. దాన్ని గుంత తీసి మట్టికే ఇచ్చేస్తారు. ఎంత బీదవాడైనా ఆ దూదికి ఆశపడడు. మిషన్లొచ్చినా, స్పాంజి పరుపులొచ్చినా ఆ పట్టింపు పోలేదు.

"నువ్వు దూదేకులోళ్ళ బిడ్డవేనా?" అడిగాడు ఇబ్రహీం. "మట్టికి పోయినోళ్ళ దూది తెచ్చి ఇంట్లో పరుస్తావా? ఇన్నేండ్లు దానిమీద పండుకున్నావా?"

"పండుకున్నా," అంది అక్బర్‌బీ. గడపకు ఆనుకుని నిలబడింది. తలమీది కొంగు జారిపోయింది, సర్దుకోలేదు. "ఏం జేయమంటావు ఉమేర్ వాళ్ళ నాయనా? నాకు దాని మొగం సూపీలేదు మీరు. రోగమని దూరంగా నిలబెట్టినారు. మూటగట్టి పూడ్సినారు. కడసారి దాని నోట్లో నీళ్ళన్నా పోయలేదు. అది పండుకున్న దూది తప్ప నాకేం మిగిలింది ఆడ?"

"అందుకేనేమో ఈ రోగం!" అనేశాడు ఉమేర్. విల్లును ఎలుక మీటిందని చెప్పిన మనిషి ఇతనే.

అక్బర్‌బీ కొడుకు కేసి చూసి నవ్వింది. ఆ నవ్వు చూడలేక షాహీన్ తల తిప్పుకుంది.

"రోగం దూదిలోంచి రాలేదురా. నాలోంచే దానికి పోయింది. డాక్టరమ్మ సెప్పింది ఇనలేదా? ఏండ్లతరబడి లోపలే పెరుగుతాదంట. రెండూ ఒక ఒంట్లో పెరిగినవే గదా. ఇది పుచ్చిందంటే అది బాగుంటాదా? పుచ్చింది కోయించి నా చెల్లెలికి పెట్టినా నేను. దాని ఉసురు తీసింది కరోనా కాదు, నేను. అందుకే రోజూ వస్తాండాది. పక్కన పండుకుంటాది. తెల్లారి లేపుతాది. 'ఏమక్కా, నాకు పుచ్చింది ఇచ్చి నువ్వు మాత్రం కోయించుకుని బాగుచేసుకుంటావా' అని అడిగితే నేనేం సెప్పల్ల?"

ఇబ్రహీం చేతిలోని దూది కింద పడింది. అక్బర్‌బీ షాహీన్ కేసి తిరిగింది.

"తల్లిలేనిదాన్ని చేసినా నిన్ను. నువ్వు నా మొగం సూడకుండా తిరిగేది నాకు తెలవదనుకున్నావా పాపా? ఎప్పుడు నోరు విప్పి అడుగుతావా అని సూస్తాండా."

షాహీన్‌కు ముందు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఆమె చేతిలోని పళ్ళెం జారి వసారాలో దొర్లింది. ఇన్నేళ్ళుగా తాను అప్పుపడ్డదాన్నని తలవంచుకు తిరిగితే, ఆ తల వంచడమే పెద్దమ్మకు శాపనార్థంలాగా కనబడిందా! ఇచ్చినదాన్ని తలవకూడదన్న ఒక్క మాట పట్టుకుని ఇద్దరూ ఒకే ఇంట్లో ఎదురెదురుగా తిరుగుతూ కుమిలిపోయారా!

"పెద్దమ్మా!" అంటూ వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. మొదటిసారి ఆ కళ్ళలోకి చూసింది. "నీకెవరూ సెప్పలేదా? నేనెందుకు సెప్పలేదు... నేనెందుకు సెప్పలేదు పెద్దమ్మా!"

"ఏం సెప్పలేదు?"

"ఆస్పత్రిలో కడదాకా నేనే ఉన్నా. ఒళ్ళంతా ఆ ప్లాస్టిక్ బట్టలేసుకుని మంచం పక్కన నేలమీద కూసున్నా. అమ్మకు ఊపిరితిత్తులు పోయినాయి. మిషన్ పెట్టినారు. తర్వాత గుండె అలిసిపోయింది. మనిషి నన్ను గుర్తుపట్టలేదు. కానీ మంచానికి కట్టిన మూత్రం సంచి మాత్రం నిండతానే ఉండింది. నేనే దాన్ని సూస్తా కూసున్నా, అది నిండినంతసేపు అమ్మ ఉన్నట్టేనని. డాక్టరు వచ్చి సంచి సూసి ఆశ్చర్యపోయినాడు. 'అన్నీ మొండికేసినాయి, ఈ కిడ్నీ ఒక్కటే పనిచేస్తాండాది, ఎవరిచ్చినారమ్మా నీకిది' అని, మాట లేని మనిషిని అడిగినాడు. మా పెద్దమ్మ అని నేను సెప్పినా."

అక్బర్‌బీ షాహీన్ చేతులను గట్టిగా పట్టుకుంది.

"నీది పుచ్చలేదు పెద్దమ్మా. మా అమ్మ ఒంట్లో అన్నీ ఆగిపోయినా నీది ఆగలేదు."

"అది... అది పోయిన పొద్దున కూడానా?"

"ఆ పొద్దున కూడా."

అక్బర్‌బీ అక్కడే, విప్పిన పరుపుమీదే కూలబడింది. బూరుగు దూదిని దోసిళ్ళతో తీసి మొహానికి అదుముకుని, చెల్లెలు పోయిన నాడు ఏడవనిదంతా ఇప్పుడు ఏడ్చింది. ఉమేర్ వచ్చి షాహీన్ పక్కన నిలబడి, "నేను ఒట్టి ఎద్దును, పట్టించుకోవద్దు," అన్నాడు. "ఆ సంగతి నాకు తెలుసులే అన్నా," అంది షాహీన్, కళ్ళు తుడుచుకుంటూ. అందరికీ ఒక్క క్షణం నవ్వొచ్చింది.

ఏడుపు తీరాక అక్బర్‌బీ అంది, "డాక్టరమ్మకు ఫోన్ చేయిరా. వస్తాండామని సెప్పు. ఈ దూదిని మూటగట్టండి. దారిలోనే గదా ఎమ్మిగనూరు, దానిది దానికి ఇచ్చేసి పోదాం."

బయలుదేరే ముందు ఇబ్రహీం స్టూలెక్కి విల్లు నారిని విప్పి, చుట్టగా చుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. "ఖాళీ ఇంట్లో మోగితే పక్కింటోళ్ళు జడుసుకుంటారు," అన్నాడు. అదంతా చలివల్లనే అని ఇన్నాళ్ళూ చెప్పింది ఆయనే.

ఎమ్మిగనూరులో హుసేన్‌బీని పూడ్చిన ఖబ్రస్తాన్‌లోకి మగవాళ్ళిద్దరూ మూటతో వెళ్ళారు. ఆడవాళ్ళు లోపలికి పోకూడదని అక్బర్‌బీ గేటు బయట షాహీన్ భుజం పట్టుకుని నిలబడింది. లోపల పార మట్టికి తగిలే చప్పుడు వినబడుతోంది. అది ఆగగానే ఆమె, వీధిలో అటు చివరున్న మనిషిని పలకరించినట్టు, "పనిచేసిందంట గదమ్మీ!" అని గట్టిగా అంది. దారిన పోయేవాళ్ళు తిరిగి చూశారు. ఆమె లెక్కచేయలేదు.

ఆపరేషన్ రోజు ముగ్గురూ థియేటరు బయట కూర్చున్నారు. మొత్తం తీయాల్సి రావచ్చన్న కాగితంమీద అక్బర్‌బీ అడగ్గానే సంతకం పెట్టింది. లోపల ఐసు పెట్టి ఉంటారని తలచుకుని ఇబ్రహీం తన శాలువాను మడిచి ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు, ఎవరైనా అడిగితే ఇచ్చేద్దామన్నట్టు. పొద్దు వాలాక డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"గడ్డను అంచులతో సహా తీసేశాం. మిగతాది కుట్టాం. ఇక అది మేలుకోవాలి. చల్లబరిచి కోసిన కిడ్నీ కదా, కొందరిలో వెంటనే పనిచేయదు."

లోపలికి ఒక్కరినే పంపారు. షాహీన్ వెళ్ళింది. పెద్దమ్మ మత్తులో ఉంది, మొహం పాలిపోయి అచ్చం అమ్మలాగా ఉంది. అదే మంచం, అవే గొట్టాలు. మంచం పక్కన అట్లాంటి సంచే. అది ఖాళీగా ఉంది. షాహీన్ మోకాళ్ళమీద కూర్చుని ఆ సంచిని చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి ఆమె వీపు వెనక చల్లగా, ఎవరో వంగి భుజంమీదుగా చూస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూడలేదు. భయం మాత్రం వేయలేదు.

గొట్టంలో ఒక చుక్క మెరిసింది. అక్కడే కాసేపు తారాడి సంచిలోకి జారింది. దాని వెనకే ఇంకొకటి.

"వచ్చింది," అంది షాహీన్. అది ఎవరితో చెప్పిందో ఆమెకే తెలియదు. మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

ఇంటికొచ్చిన మరునాడు తెల్లవారి షాహీన్ టీ పెట్టింది. ఇబ్రహీం కొత్త పత్తితో పరుపు ఏకి కుట్టాడు. దానిమీద అక్బర్‌బీ ఎడమ పక్కకు ఒరిగి పడుకుని ఉంది. ఉమేర్ తల్లి కాళ్ళ దగ్గర కునికిపాట్లు పడుతున్నాడు. టీ పొంగు వచ్చింది.

"టుంగ్."

పెరట్లో పళ్ళు తోముకుంటున్న ఇబ్రహీం నోట్లో వేలు అట్లాగే పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఉమేర్ ఉలిక్కిపడి లేచాడు. ముగ్గురూ ఒకేసారి గోడకేసి చూశారు. విల్లు ఉంది. దానికి నారి లేదు. మూలనున్న ట్రంకుపెట్టెకు వేసిన తాళం వేసినట్టే ఉంది.

అక్బర్‌బీ కళ్ళు తెరవకుండానే చిన్నగా నవ్వింది.

"లేచినాలే హుసేనీ," అంది. "నువ్వింక నిద్రపో."

షాహీన్ టీ దించి గ్లాసుల్లో పోసింది. ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో విల్లు మళ్ళీ మోగలేదు.